చేతిజెండాలతో ఇచ్చిన మాట

ఇంగ్లండు దక్షిణ తీరంలో, పోర్ట్స్‌మత్ రేవుకు ఎదురుగా గాస్‌పోర్ట్ అనే చిన్న ఊరు ఉంది. మధ్యలో నీళ్లు, ఫెర్రీలో ఐదు నిమిషాలు కూడా పట్టదు. మనవాళ్లెవరూ సెలవులకు వెళ్లే ఊరు కాదది. గత అక్టోబరులో అక్కడికి వెళుతున్నానని లీడ్స్‌లో నాతో పనిచేసేవారికి చెబితే, "అక్కడేముంది?" అన్నారు. ఒక ఉత్తరం ఉండవచ్చునని చెప్పాను. అంతకు మించి నాకూ తెలియదు.

బయలుదేరే ముందు

మాది భీమిలి దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పేట. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లలో నేనే మొదటిదాన్ని. లీడ్స్‌లో ఒక ఆసుపత్రి రికార్డుల విభాగంలో ఉద్యోగం చేస్తున్నాను. మా తాత సూరన్న బ్రిటిష్ కాలపు భారత నౌకాదళంలో సిగ్నల్‌మాన్. జెండాలతోనో దీపంతోనో ఒక ఓడ నుంచి మరో ఓడకు కబురు పంపడం ఆయన పని.

1946 ఫిబ్రవరిలో బొంబాయి రేవులో నావికులు తిరగబడ్డారు. పురుగుల అన్నం, అధికారుల తిట్లు భరించలేక మొదలైన సమ్మె ఓడలను చేతుల్లోకి తీసుకునేదాకా వెళ్లింది. కొద్ది రోజులకే లొంగిపోయారు. లొంగిపోతే ఎవరినీ శిక్షించబోమని మాట ఇచ్చారని నావికులు బతికినంత కాలం చెప్పారు. షరతులేమీ లేవని, వారు బేషరతుగానే లొంగిపోయారని అధికారులు చెప్పారు. ఆ తర్వాత జరిగినదానిపై మాత్రం వివాదం లేదు. చాలామందిని పట్టుకున్నారు, శిబిరాల్లో ఉంచారు, ఉద్యోగాల నుంచి తీసివేసి ఇళ్లకు పంపారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా వారిని తిరిగి చేర్చుకోలేదు.

మా పేటలోని వివాదం ఇంతకన్నా చిన్నది. ఆ రోజుల్లో పక్క ఓడలో ఫిరంగి దగ్గర పనిచేసిన అప్పన్న మా పేటవాడే. "ఎవరినీ ఏమీ చేయరు, ఆయుధాలు దించండి" అన్న కబురును చేతిజెండాలతో ఆ ఓడకు పంపినది మా తాత. పంపినవాడు సొంత పేటవాడు కాబట్టి అప్పన్న నమ్మాడు. తోటివారినీ నమ్మించాడు. శిబిరంలో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చుకుని ఇంటికి వచ్చి, కొడుకు సింహాద్రికి నడక రాకముందే పోయాడు. అటువంటి హామీ ఎవరూ ఇవ్వలేదని, తననొక్కణ్ణి వదిలేస్తారన్న ఆశతో సూరన్నే దాన్ని కల్పించాడని ఆ ఇంటివారు అన్నారు. మా పేటలో వేట నుంచి తిరిగివచ్చిన పడవను ఇసుక మీదికి లాగడానికి, అది ఎవరిదైనా సరే, ఒడ్డున ఉన్నవారంతా తాడు పడతారు. మూడు తరాలుగా ఆ ఇంటివారు మా తాడు ముట్టలేదు, మేము వారి తాడు ముట్టలేదు.

పోయిన వేసవిలో సింహాద్రి పెదనాన్నకు జబ్బు ముదిరిందని తెలిసి నాన్న ఫోను చేశాడు.

"అమ్మా సుజాతా, ఆ కాయితాలన్నీ లండన్లోనే ఉంటాయంట గదా. మీ తాతకి తెల్లోడే సెప్పినాడని ఒక్క ముక్క దొరికితే సాలు. సింహాద్రన్న పోయేలోగా ఆయన సేతిలో ఎట్టాల."

"దొరక్కపోతే నాన్నా?"

"దొరక్కపోడమేటి? ఇంగిలీషోళ్లు తుమ్మినా రాసుకుంటారు."

నాకు తోచిన ప్రయత్నాలు రెండు చేశాను. విచారణ కోసం లండన్‌కు చేరిన పత్రాల్లో మా తాత ఓడకు సంబంధించిన ఫైలు ఒకటి ఉందని కనుక్కున్నాను. పోర్ట్స్‌మత్ ప్రాంతంలో పాత నావికుల కుటుంబాలు చదివే ఒక చిన్న పత్రికకు ఆ ఓడ పేరు రాసి ఉత్తరం పంపాను. నెల తర్వాత గాస్‌పోర్ట్ నుంచి మార్గరెట్ అనే ఆమె జవాబు రాసింది. ఆమె తండ్రి అప్పట్లో ఆ రేవులో చిన్న అధికారి. ఆయన తన తల్లికి రాసిన ఉత్తరాలు అటక మీద ఉన్నాయట. టీకి రమ్మంది. నేను ముందు ప్రభుత్వ కాగితం దగ్గరికే వెళ్లాలనుకున్నాను. ముద్ర ఉన్న కాగితమే కాగితం అనుకునే ఇంట్లో పెరిగినదాన్ని.

హౌన్‌స్లో: మొదటి రాత్రి భోజనం

లండన్‌లో ఉండడానికి, నగరం పడమటి కొసన హౌన్‌స్లోలో ఉండే అమ్మ స్నేహితురాలు రాజ్యం ఆంటీ ఇంటికి వెళ్లాను. వారిది కాకినాడ. ఆమె ఒక జీపీ సర్జరీలో, అంటే పేట డాక్టరు క్లినిక్‌లో, రిసెప్షన్‌లో పనిచేస్తారు. చేపల పులుసు పెట్టి, నేను మెచ్చుకునేలోపే క్షమాపణ చెప్పారు.

"ఇక్కడి చేపకి పులుసు పట్టదమ్మా. ఎంతసేపు మరిగించినా పులుసు పులుసే, చేప చేపే. మొహమాటపడకు, వేసుకో."

ఆమె కూతురు, పదిహేనేళ్ల పిల్ల, నా ప్రయాణం సంగతి విని ఫోను పక్కన పెట్టింది. "సో యువర్ గ్రేట్ గ్రాండ్‌డాడ్ వాజ్ ఎ రెబెల్? దట్స్ సో కూల్."

"తాతే, ముత్తాత కాదు," అన్నాను.

"కూలూ లేదు, గీలూ లేదు. అన్నం తిను," అన్నారు ఆంటీ. నాతో మాత్రం గొంతు తగ్గించి, "దొరికితే ఏం చేస్తావమ్మా?" అని అడిగారు.

"నాన్నకి పంపుతాను ఆంటీ. ఆయన తీసుకెళ్లి వాళ్లకి చూపిస్తారు."

"చూపిస్తే వాళ్లు ఒప్పుకుంటారా?"

కాగితం చూశాక ఎవరైనా ఎందుకు ఒప్పుకోరో నాకు అర్థం కాలేదు. పొద్దున తన డ్యూటీ ఏడింటికే అంటూ ఆంటీ నాకన్నా ముందు బయలుదేరారు. గాస్‌పోర్ట్ ఆమెకు ఇవ్వమని, తమ్ముడు ఆత్రేయపురం నుంచి తెచ్చిన పూతరేకుల డబ్బా బల్ల మీద పెట్టి వెళ్లారు.

పత్రాల గది

మన దగ్గర తహశీల్దారు కార్యాలయంలో నా జనన ధ్రువపత్రం నకలు కోసం నాన్న మూడు రోజులు వరండాలో నిలబడ్డాడు. గుమాస్తా తల ఎత్తలేదు. ఇక్కడ, లండన్‌లో ప్రభుత్వ పత్రాలు భద్రపరిచే భవనంలో, నేను అడిగిన ఫైలు గంటలో వచ్చింది. బల్లకు ఒక నంబరు, కాగితాలు ఆనించడానికి మెత్తని దిమ్మలు, పేజీలు ఎగరకుండా గుడ్డ కుట్టిన బరువుల దండలు. నా జేబులో పెన్ను చూసి ద్వారం దగ్గరి ఉద్యోగి, "పెన్ను కుదరదు, లవ్. ఇదిగో పెన్సిల్," అని తనదే ఇచ్చాడు. ఇక్కడ కొత్తవారిని కూడా చనువుగా 'లవ్' అనే పిలుస్తారు. ఇంత మర్యాదగా కాగితం ఇచ్చేవారు నిజాన్ని కూడా ఇస్తారనిపించింది. ఆ క్షణంలో నాన్న మాటను పూర్తిగా నమ్మాను.

ఫైలులో ఓడ సంకేతాల రిజిస్టరు ఉంది. ప్రతి కబురుకూ ఒక వరుస: వేళ, పంపినవారు, అందుకున్నవారు, చివర సిగ్నల్‌మాన్ పొడి అక్షరాలు. రిజిస్టరులో ఎక్కించకుండా కబురును ముందుకు పంపకూడదన్నది ఆ పనిలో మొదటి నియమం. ఆ పుస్తకం అట్ట లోపలే అది అచ్చువేసి ఉంది. మా తాత పొడి అక్షరాలు మొదటి పేజీలోనే కనిపించాయి. రేషను కార్డు మీద వేలిముద్ర వేసిన మనిషిగానే ఆయనను మేము ఎరుగుదుం. ఆయనకు అంత చక్కని ఇంగ్లీషు దస్తూరీ ఉండేదని అప్పుడే తెలిసింది. తిరిగి వచ్చాక పెన్ను ముట్టుకోలేదన్నమాట.

సమ్మె రెండో రోజు పొద్దున దాకా వరుసలు ఉన్నాయి. తర్వాత నాలుగు పేజీలు ఖాళీ. ఆ తర్వాత, ఓడ తిరిగి అధికారుల చేతికి వచ్చిన రోజు నుంచి వేరొకరి దస్తూరీ.

పేజీలు చింపారేమోనని బల్ల దగ్గరి అధికారిణిని పిలిచాను. షెఫీల్డ్ యాస ఉన్న నడివయసు మనిషి. వేలితో కుట్టు వెంట తడిమి చూసింది.

"ఏమీ పోలేదమ్మాయ్. ఇక్కడ చింపినది లేదు. రాయలేదంతే."

ఎందుకు రాయలేదో అదే ఫైలులో మరో నావికుడి వాంగ్మూలంలో ఉంది. సమ్మెలో ఉన్నన్నాళ్లూ ఏ కబురూ రిజిస్టరులో ఎక్కించవద్దని నావికులే నిర్ణయించుకున్నారు. ఎవరి పేరు రాస్తే వారి మెడకు అది ఉరితాడవుతుందని భయపడ్డారు. తమను శిక్షించడానికి సాక్ష్యం మిగలకూడదని తీసుకున్న ఆ జాగ్రత్తతోనే, తమకు ఇచ్చిన మాటకు ఉండవలసిన ఒకే ఒక్క సాక్ష్యాన్నీ లేకుండా చేసుకున్నారు. నిజాయితీగా చెబుతున్నాను, రికార్డుల పని చేసేదాన్ని కాబట్టి నాకు వారి మీద కోపం వచ్చింది. ఆ తర్వాత సిగ్గు వేసింది.

కింద క్యాంటీనులో కాల్చిన బంగాళాదుంప మీద తీపి సాసులోని చిక్కుడు గింజలు పోసి ఇచ్చారు. ఎనిమిది పౌండ్లు. నాలుగు చెంచాలు కూడా తినలేకపోయాను.

పోర్ట్స్‌మత్

మర్నాడు రైలు దిగేసరికి సన్నని వాన. రేవు పక్కన చేపా చిప్స్ కొనుక్కుని బెంచీ మీద కూర్చున్నాను. మా పేటలో చేపను ముల్లుతో తింటాం. ఇక్కడ ముల్లూ తలా తీసి, అది ఏ చేపో తెలియకుండా పిండిలో ముంచి వేయిస్తారు. మొదటి ముక్క నోటి దాకా వెళ్లకుండానే సీగల్ అనే సముద్రపు పక్షి ఒకటి నా భుజం మీదుగా వచ్చి చేప మొత్తాన్ని తన్నుకుపోయింది. కొట్టువాడు పకపకా నవ్వాడు.

"దానికి ఇక్కడ మునిసిపాలిటీ ఉద్యోగం, లవ్. ఊరు బాగు చేస్తుంది." ఇంకో చిన్న ముక్క ఊరికే ఇచ్చాడు.

రేవులో పాత యుద్ధనౌకలను మ్యూజియంలుగా నిలిపి ఉంచారు. బడిపిల్లలు బారులు తీరి ఎక్కుతున్నారు. పక్కన బహుమతుల దుకాణంలో గిన్నెలు తుడుచుకునే గుడ్డలు వేలాడుతున్నాయి. వాటి మీద చేతిజెండాల సంకేతాలు ముద్రించి ఉన్నాయి. జెండాలు పట్టుకున్న ఒక చిన్న తెల్ల బొమ్మ, అక్షరానికొక భంగిమ. ఎదుట నిలబడి ఆ కబురును పేరుస్తూ పోయాను. ఎవరినీ ఏమీ చేయరు అని ఇంగ్లీషులో చెప్పడానికి ఆ బొమ్మ ఎన్నిసార్లు చేతులు ఎత్తి దించాలో లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టలేదు.

గాస్‌పోర్ట్

మార్గరెట్‌కు డెబ్బై అయిదేళ్లు దాటి ఉంటాయి. బడిలో పాఠాలు చెప్పి రిటైరయింది. ఇంటికి మెట్లు లేవు, మేడ లేదు. అలవాటు కొద్దీ చెప్పులు గుమ్మం దగ్గర విప్పితే, "అక్కర్లేదు, అక్కర్లేదు," అంటూనే నా మేజోడు చిరుగు చూడనట్టు మర్యాదగా తల తిప్పుకుంది. పూతరేకు చేతిలో పెడితే పైన కాగితం చుట్టి ఉందనుకుని పొరలు వలవసాగింది.

"అది కూడా తినేదేనండీ," అన్నాను.

"ఇదంతానా?" అని గభాల్న నోట్లో పెట్టుకుంది. పొడి ఎగిరి స్వెట్టరు మీద పడింది. ఇద్దరం నవ్వాం. ఆ ప్రయాణంలో నేను నవ్వింది ఆ ఒక్కసారే.

ఉత్తరం రెండు పేజీలు. ఆమె తండ్రి ఇరవై మూడేళ్ల వయసులో తల్లికి రాసింది. మొదటి పేజీలో ఇలా ఉంది: పైవారు పంపితే పడవలో ఆ ఓడ దగ్గరికి వెళ్లాడు, లొంగిపోతే ఎవరి జోలికీ రామని చెప్పమన్నారు, చెప్పాడు. మిగిలినవారు దగ్గరికి రాకపోతే జెండాల కుర్రాడొకడు అంచు దాకా వచ్చి విన్నాడు.

నాన్న అడిగిన ముక్క అదే.

మార్గరెట్ రెండో పేజీ మీద చేయి ఉంచింది. "మీకు కావలసినది మొదటి పేజీలోనే ఉంది కదా. దానికే నకలు తీసి ఇవ్వనా? రెండో దాంట్లో మా నాన్న అంత మంచివాడిలా కనిపించడు."

"పత్రాన్ని సగం తీసుకోకూడదండీ," అన్నాను. నా ఉద్యోగంలో అది నియమం. ఆమె నా ముఖం వంక చూసి చేయి తీసింది.

రెండో పేజీలో మిగిలినది ఉంది. ఆ కుర్రాడు, అదే మాట కాగితం మీద రాసి సంతకం చేసి ఇమ్మని అడిగాడు. ఈయన నవ్వి, అధికారి నోటి మాట చాలునన్నాడు. కుర్రాడు కొంతసేపు అలాగే చూసి, పైకి ఎక్కి పక్క ఓడ వైపు జెండాలు ఊపాడు. సాయంత్రానికి పట్టుకోవలసినవారి జాబితా తయారవుతోందని ఈయనకు తెలిసింది. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదని ఒక వాక్యం రాశాడు. తర్వాతి వాక్యంలో ఉన్ని మేజోళ్లు రెండు జతలు పంపమని తల్లిని అడిగాడు.

"నాన్న ఈ సంగతి మాతో ఎప్పుడూ అనలేదు," అంది మార్గరెట్. "క్షమించమని అడగడానికి నేనెవరిని? మీరైనా క్షమించడానికి ఎవరు? మనిద్దరం ఆలస్యంగా వచ్చాం." ప్రింటరు మీద రెండు పేజీలకూ నకళ్లు తీసి కవరులో పెట్టి ఇచ్చింది.

ఫెర్రీ దగ్గర

మంచి సంగతి అనుకునే ఫోను చేశాను. వాన తెరిపి ఇచ్చింది. మా పేటలో అప్పటికి చీకటి పడింది. వీడియోలో నాన్న ముఖం వెలిగిపోతోంది.

"ఎవరున్నారో సూడు!" అని ఫోను పక్కకు తిప్పాడు. సింహాద్రి పెదనాన్న మా ఇంటి అరుగు మీద, గోడకు చేరబడి, దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. నేను పుట్టాక ఆయన మా అరుగు ఎక్కగా చూడలేదు. "నా కూతురు కాయితం తెస్తాదని సెప్పి నేనే రిచ్చాలో తెచ్చినాను. మనింట్లో టీ కూడా తాగినాడమ్మా! సదువు, సదువు."

మొదటి పేజీ వాక్యం వాక్యంగా తెలుగులో చెప్పాను. అధికారి మాట ఇచ్చాడన్న చోటికి రాగానే నాన్న అరిచాడు.

"ఇన్నావా సింహాద్రన్నా! ఇన్నావా! మా అయ్య కల్పించనేదు!"

సింహాద్రి పెదనాన్న కళ్లు తుడుచుకున్నాడు. దగ్గు ఆగేదాకా ఆగి, "ఇంకా ఉన్నాదామ్మా?" అని అడిగాడు.

లేదని చెప్పవచ్చు. నాన్న ముఖం అదే చెబుతోంది. నేను ఉందన్నాను. రెండో పేజీ కూడా ఒక్క మాట విడవకుండా చెప్పాను, మేజోళ్లతో సహా.

పెదనాన్న దుప్పటిని భుజాల మీదికి లాక్కున్నాడు.

"అయితే రాసియ్యనన్నాడని మీ తాతకి తెలుసు," అన్నాడు పెదనాన్న.

"తెలుసు పెదనాన్నా."

"ఆ మాట మా అయ్యకి సెప్పనేదు."

"అవతల ఫిరంగులు గురిపెట్టి ఉన్నాయి పెదనాన్నా. తాతకి ఇరవయ్యేళ్లు కూడా లేవు."

"మా అయ్యకి మాత్రం ఎన్నున్నాయేటి?" గొంతు పెంచలేదు. "ఇన్నేళ్లూ అబద్ధమాడినాడనుకున్నాను. బయపడి ఆడిన అబద్ధమైతే, కుర్రతనమని ఇయ్యాల వొగ్గెద్దునే. అందుకే వొచ్చినాను. ఈ మాట మీద సంతకం నేదని తెలిసీ, తెలిసినోడికే జెండా ఊపినాడు." నాన్న వైపు తిరిగాడు. "నన్ను లేపరా. ఇంటికి పోతాను."

ఫోను అరుగు మీద బోర్లా పడింది. నీడలు కదిలాయి. కొంతసేపటికి నాన్న దాన్ని తీశాడు.

"ఆ రెండో కాయితం ఎందుకు సదివావే?"

"అందులో ఉంది కాబట్టి నాన్నా."

"నిన్ను సదివించింది నేనే," అని ఫోను పెట్టేశాడు.

ఫెర్రీలు రెండు వచ్చి వెళ్లాయి. మూడోదాని మనిషి తాడు విప్పుతూ, "ఎక్కుతున్నావా, లవ్?" అని అడిగితే ఎక్కాను.

లీడ్స్‌కు తిరిగి వచ్చాక

రెండు వారాలకు సింహాద్రి పెదనాన్న పోయాడు. నాన్న పాడె పట్టబోతే ఎవరో చేయి తప్పించారని అమ్మ చెప్పింది. ఎవరని నేను అడగలేదు.

రాసివ్వలేదన్న ఒక్క వాక్యాన్ని తాత జెండాలతో కలిపి ఉంటే ఏమయ్యేదని చాలా రోజులు ఆలోచించాను. అప్పన్న ఓడ లొంగిపోయేది కాదేమో. ఫిరంగులు పేలి అందరూ అక్కడే పోయేవారేమో. లేదా ఒక రోజు ఆగి, సంతకం ఉన్న కాగితం సంపాదించి ఉండేవారేమో. ఆ సంతకాన్ని మాత్రం నిలబెట్టుకునేవారని నమ్మకమేమిటి? నాకు చదువు ఉంది, సమయం ఉంది, రెండు పేజీలూ ఉన్నాయి. ఆయనకు నీళ్ల అంచున కొద్ది క్షణాలు ఉన్నాయి. అయినా ఆయనను తప్పు పట్టకుండా ఉండలేకపోతున్నాను. తప్పు పట్టిన ప్రతిసారీ, ఫెర్రీ దగ్గర నేను చేసిన పని గుర్తొస్తోంది. ఆయన ఒక వాక్యం దాచాడు. నేను ఒక్క వాక్యమూ దాచలేదు. రెండింటి వల్లా ఆ ఇంటికి ఒరిగింది ఒకటే.

నాన్న ఇప్పుడు ఆదివారాలు ఫోను చేస్తాడు. వాన పడిందా, చలి మొదలైందా, తిన్నావా అని అడుగుతాడు. నకళ్లు రెండూ కవరులోనే, నా బల్ల సొరుగులో ఉన్నాయి. పంపమని ఆయన ఇంతవరకు అడగలేదు.